మగ్గం ఇంటి ఆడపడుచు, మద్రాసు కోర్టు, ఒడిశా ఊరు: బరంపురం పాత పట్నం కథ

బరంపురం తెలుగువాళ్లదా, ఒడియావాళ్లదా అని ఇచ్ఛాపురంలో అడిగితే ఒక జవాబు వస్తుంది, కటక్‌లో అడిగితే ఇంకొకటి వస్తుంది. బరంపురం పాత పట్నంలోనే అడిగితే మాత్రం మనల్ని ఎగాదిగా చూసి, పనిలేకపోతే టీ తాగి వెళ్లమంటారు. పెద్దబజారులో బేరం ఒడియాలో మొదలై తెలుగులో తెగడం, మధ్యలో లెక్క తేడా వస్తే ఇద్దరూ హిందీలో పోట్లాడుకోవడం అక్కడ మామూలే. నా ఉద్దేశంలో ఈ ప్రశ్న ఆ వీధుల్లో పుట్టింది కాదు. కోర్టు కాగితాల్లో, జనాభా లెక్కల ఫారాల్లో పుట్టి తర్వాత వీధుల్లోకి వచ్చింది. వీధులు అంతకు చాలా ముందే వేరే లెక్క ప్రకారం కుదురుకున్నాయి. ఆ లెక్క ఏమిటో తెలియాలంటే అక్కడి గుడి దగ్గర, మగ్గాల దగ్గర, కాలేజీ దగ్గర, కోర్టు దగ్గర కాసేపు ఆగాలి.

ముందు ఊరు ఎక్కడుందో చూద్దాం. ఒడిశా దక్షిణ కొసన గంజాం జిల్లాలో అన్నిటికంటే పెద్ద పట్టణం బరంపురం. 2011 లెక్కల్లో జనాభా 3.5 లక్షలు దాటింది. హౌరా-చెన్నై రైలు మార్గంలో ఇచ్ఛాపురం దాటిన పాతిక కిలోమీటర్లకే వస్తుంది. భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు. ఇంత పెద్ద ఊరైనా జిల్లా కేంద్రం మాత్రం ఛత్రపురం. అసలు గంజాం అనే ఊరు వేరే ఉంది, ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట. కంపెనీ రోజుల్లో అదే జిల్లాకు ముఖ్యపట్నం. 1815 ప్రాంతంలో విషజ్వరాలు ప్రబలి ఆ ఊరు ఖాళీ అయింది. దొరలు పోయారు, వ్యాపారం తగ్గింది, జిల్లాకు పేరు మాత్రం మిగిలింది. గంజాం చితికిన కాలంలోనే బరంపురం దశ తిరిగింది. కానీ అప్పటికే అక్కడ ఒక ఊరుంది. దానికి పునాది వేసింది దొరలు కాదు.

పాత పట్నానికి నడిబొడ్డు బుఢీ ఠాకురాణి గుడి. మన మాటల్లో గ్రామదేవత. అప్పట్లో ఈ ప్రాంతం మహురి జమీందారీ కింద ఉండేది. ఊరికి దగ్గరలో కెరండిమాల్ కొండల మీద ఉన్న మహురి కాళువ అమ్మవారి గుడి ఆ జమీందారీ ఆనవాలే. మహురి రాజు పట్టు నేయించుకోవడానికి రాజమహేంద్రవరం వైపు నుంచి నేతగాళ్లను పిలిపించి, ఉండటానికి చోటిచ్చి, వాళ్ల కులపెద్దకు ‘దేశీబెహెరా’ అన్న బిరుదు ఇచ్చాడని నేత ఇళ్లలో తరతరాలుగా చెప్పుకుంటారు. ఈ తెలుగు నేతగాళ్లనే ఇక్కడ దేరా వాళ్లు అంటారు. కులపెద్ద ఇల్లున్న వీధి ఇప్పటికీ దేశీబెహెరా వీధే.

ఇక్కడిదాకా ఇది మామూలు వలస కథ. రాజులు నేతగాళ్లను తెచ్చి పెట్టుకోని చోటు దక్షిణాదిలో ఎక్కడుంది? అసలు సంగతి జాతరలో ఉంది.

రెండేళ్లకోసారి చైత్రమాసంలో ఠాకురాణి యాత్ర జరుగుతుంది. మూడు వారాలకు పైగా సాగుతుంది. అమ్మవారు గుడి నుంచి పుట్టింటికి వస్తుందన్నది దీని సారం. ఆ పుట్టిల్లు దేశీబెహెరా వాళ్లది. కులపెద్ద దంపతులు గుడికి వెళ్లి, కన్నవాళ్ల హోదాలో, ఆడపిల్లను పండక్కి పిలిచినట్టే అమ్మవారిని పిలుస్తారు. దేశీబెహెరా వీధిలో అమ్మవారికి తాత్కాలికంగా గుడి కడతారు. యాత్ర అయ్యేదాకా మకాం అక్కడే. సాయంత్రమైతే పూలతో అలంకరించిన ఘటాలు తలకెత్తుకుని ఆడవాళ్లు వీధులు తిరుగుతారు. ముందు డప్పులు, వెనక జనం. ప్రతి గుమ్మం ముందూ ఇల్లాలు పసుపునీళ్ల చెంబుతో కాచుకుని ఉంటుంది. ఘటం రాగానే మోసేవాళ్ల కాళ్ల మీద పోసి దండం పెట్టుకుంటుంది. వేసవి రాత్రి, కరెంటు దీపాలు, పసుపునీళ్లతో తడిసి జారే సిమెంటు రోడ్డు. ఆ వీధుల్లో కాలు పెట్టే సందు ఉండదు. చివరి రాత్రి అమ్మవారు మళ్లీ గుడికి బయల్దేరుతుంది. ఆ ఇంటివాళ్లు ఆడపిల్లను అత్తారింటికి పంపుతున్నట్టే సాగనంపుతారు.

మొక్కులున్నవాళ్లు ఆ రోజుల్లో వేషం కడతారు. పులి వేషం, దేవుళ్ల వేషాలు, పురాణ పాత్రలు, ఒక్కోసారి నవ్వించే వేషాలు కూడా. వీధి మలుపుల్లో ఎత్తయిన రథాలు కట్టి వాటి మీద పురాణ ఘట్టాల బొమ్మలు పెడతారు. పేటకూ పేటకూ ఇందులో పోటీ ఉంటుంది. బయటివాళ్లు ఫోటోలు తీసుకునేది ఈ వేషాలనూ రథాలనే. నన్ను అడిగితే ఘటాల వెంట నడవడమే మేలు. ఊరి పాత పటం ఆ దారిలో ఉంది.

ఉత్తరాంధ్ర వాళ్లకు ఘటం తిప్పడం కొత్త కాదు. విజయనగరం పైడితల్లి అమ్మవారిని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. పైడితల్లి పూసపాటి రాజుల ఆడపడుచు. పుట్టిల్లు కోట. బరంపురంలో ఊరిని పాలించింది మహురి రాజు, మగ్గాలు తెప్పించింది కూడా ఆయనే అంటారు. అయినా అమ్మవారి తండ్రి స్థానం రాజుకు దక్కలేదు, నేతగాళ్ల కులపెద్దకు దక్కింది. పాత పట్నంలో ఎవరి మాట చెల్లిందో, ఊరు ఎవరి కష్టం మీద నిలబడిందో చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం శాసనాల్లో కూడా దొరకదనుకుంటాను. ఇంకో విషయం కూడా ఉంది. కన్నవారిది తెలుగు నేత ఇల్లు. ఠాకురాణి అన్న పేరు ఒడియా. మొక్కేవాళ్లలో రెండు భాషలవాళ్లూ ఉన్నారు. ఇన్ని తరాల్లో అమ్మవారిని ఏ భాషలో పిలవాలన్న తగువు ఎవరికీ రాలేదు.

మగ్గాల దగ్గరికి వద్దాం. బరంపురానికి పట్టు నగరం అన్న పేరు వీళ్ల వల్లే వచ్చింది. ఇక్కడి పట్టుచీరను గుర్తుపట్టడానికి అంచు చూడాలి. అంచు వెంబడి చిన్నచిన్న గుడి గోపురాలు వరుసగా నిలబెట్టినట్టు మొనలు తేలి ఉంటాయి. దాన్నే ఫోడా కుంభ అంటారు. చీర ఒళ్లు చాలావరకు సాదాగా ఉంటుంది. కంచిపట్టులా బరువుండదు. మగవాళ్లు కట్టుకునే పట్టుబట్టల జతను జోడా అంటారు. పెళ్లిళ్ల రోజుల్లో కొట్టులోకి అడుగు పెట్టగానే “చీర ఒక్కటేనా అమ్మా, జోడా కూడా చూపించనా?” అని అడగడం రివాజు. చీరకూ జోడాకూ కలిపి 2012లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ వచ్చింది. ట్యాగ్ వచ్చినంత మాత్రాన మగ్గం ఆగకుండా ఉండదు. పట్టునూలు బెంగళూరు నుంచి రావాలి. నూలు ధర పెరిగితే ఆ భారం ముందు పడేది నేసేవాడి కూలి మీద. నేత ఇళ్ల పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ మళ్లారు. గుంట మగ్గం ఉండాల్సిన ముందుగదుల్లో ఇప్పుడు చాలాచోట్ల షట్టరు దింపిన కొట్లున్నాయి. ఇదే గంజాం జిల్లా నుంచి లక్షల మంది సూరత్ వెళ్లి పవర్‌లూమ్‌ల మీద పని చేస్తున్నారు. అందరూ నేత కులాలవాళ్లు కారు. అయినా పట్టుకు పేరుపడ్డ ఊరున్న జిల్లా మనుషులు నైలాను చీరలు నేయడానికి అంత దూరం పోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

రెండో పొర మద్రాసుది. ఉత్తర సర్కారులు నిజాం చేతుల్లోంచి ఫ్రెంచివాళ్లకు, 1760ల్లో ఇంగ్లీషు కంపెనీకి వెళ్లిన కథ మనకు తెలిసిందే. గంజాం ఆ సర్కారుల్లో ఉత్తరపు కొస. అలా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీకి పై అంచు అయింది. కంపెనీ పటాలాన్ని పెట్టింది. పటాలం ఎప్పుడో వెళ్లిపోయింది గానీ బ్యారక్స్ గ్రౌండ్ అన్న పేరు పోలేదు. సభలు, ఆటల పోటీలు, ఎగ్జిబిషన్లు ఇప్పుడు అక్కడే. 1856లో సర్కారీ బడి, 1867లో మునిసిపాలిటీ వచ్చాయి. ఆ బడే 1878లో కాలేజీ అయింది. తర్వాత ఖల్లికోట రాజావారి విరాళంతో ఖల్లికోట కాలేజీగా పేరు మారింది. 1890ల్లో రైలు వచ్చింది. ఇవి గబగబా చెప్పేశాను, ఎందుకంటే ప్రెసిడెన్సీలో ఏ తాలూకా పట్నం చరిత్ర తిరగేసినా బడి, మునిసిపాలిటీ, రైలు ఇదే వరసలో వస్తాయి. బరంపురాన్ని మార్చింది కోర్టు.

కోర్టు ఉంటే వకీళ్లు వస్తారు. గోదావరి జిల్లాల నుంచి చదువుకున్న కుటుంబాలు ఇక్కడికి కదిలాయి. వరాహగిరి వెంకట జోగయ్య పంతులు అలా వచ్చినవారే. ప్లీడరుగా పేరు తెచ్చుకుని కాంగ్రెసులో పనిచేశారు. ఆయన భార్య సుభద్రమ్మ శాసనోల్లంఘన రోజుల్లో మద్యనిషేధ పోరాటం నడిపి అరెస్టయ్యారు. వాళ్లబ్బాయి 1894 ఆగస్టు 10న ఇక్కడే పుట్టి, ఖల్లికోట కాలేజీలో చదివి, 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్లాడు. అక్కడ ఐరిష్ ఉద్యమంతో సంబంధాలున్నాయన్న అనుమానం మీద 1916లో దేశం విడిచి రావాల్సి వచ్చింది. ఆ కుర్రాడే వి.వి. గిరి, 1969 నుంచి 1974 దాకా రాష్ట్రపతి. ఊళ్లో గిరి మార్కెట్ అంటే ఆటోవాళ్లందరికీ తెలుసు. పేరు ఎవరిదని అడిగితే కుర్రాళ్లలో సగం మంది బిక్కమొహం వేస్తారు.

గిరి పేరు తెలుగువాళ్లు అప్పుడప్పుడైనా తలుచుకుంటారు. అన్నెపు పరశురామదాసు పాత్రో పేరు అంతగా వినపడదు. ఆయనా బరంపురం వకీలే. జస్టిస్ పార్టీ తరఫున మద్రాసు ప్రెసిడెన్సీకి విద్యామంత్రిగా చేశారు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చట్టం వచ్చింది ఆయన మంత్రిగా ఉన్నప్పుడే. వాల్తేరు క్యాంపస్ చూసి మురిసిపోయేవాళ్లు ఇందులో బరంపురానికీ వాటా ఉందని గుర్తుంచుకోవాలి.

అదే సమయంలో అదే ఊళ్లో ఇంకో పని కూడా జరుగుతోంది. ఒడియా మాట్లాడే ప్రాంతాలు మద్రాసు, బెంగాల్, సెంట్రల్ ప్రావిన్సుల మధ్య ముక్కలై ఉండేవి. వాటిని కలపాలన్న ఉద్యమానికి బరంపురం ఒక పుట్టినిల్లు. 1903లో గంజాం జాతీయ సమితి సభ ఇక్కడే జరిగింది. ఆ ఏడాది చివర కటక్‌లో మొదలైన ఉత్కళ సమ్మేళనానికి ఇది ముందడుగు. 1913లో శశిభూషణ్ రథ్ ఇక్కడి నుంచే ‘ఆశ’ పత్రిక తెచ్చారు. ఒడియా పత్రికారంగంలో ఆయనది పెద్దపేరు. కోర్టు వరండాల్లో తెలుగు వకీళ్లది పైచేయి. మద్రాసు ఏలుబడిలో ఉద్యోగాలు, పదవులు తెలుగువాళ్లకే పోతున్నాయన్నది ఒడియావాళ్ల ప్రధాన ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో పస ఉంది. మద్రాసులో తమిళుల కింద మనకు దక్కాల్సింది దక్కడం లేదని మన పెద్దలు ఆంధ్రోద్యమం నడిపిన రోజులు అవే. గంజాంలో అదే బాధ ఇంకొకరు మన గురించి చెబుతుంటే మాత్రం వినడానికి మనవాళ్లకు చెవులు లేకపోయాయి.

ఇక్కణ్ణుంచి చిక్కుముడి మొదలు. రాష్ట్రం గీయాలంటే ఎవరు ఏ భాషవాళ్లో లెక్క తేలాలి. లెక్కల ఫారంలో మాతృభాషకు ఒకటే గడి. ఇంట్లో తెలుగు, గుడి దగ్గరా బజారులోనూ ఒడియా, ప్లీడరు దగ్గర మళ్లీ తెలుగు మాట్లాడే మనిషిని ఏ గడిలో వేయాలి? అది రాసుకునేవాడు ఎవరన్నదాన్ని బట్టి ఉండేది. లెక్కలు తీసినవాళ్లలో తెలుగువాళ్లు ఎక్కువై ఒడియావాళ్లను తెలుగుగా రాశారని ఒడియా నాయకులు మొరపెట్టుకున్నారు. తెలుగు పక్షం అంకెలు తమవైపే ఉన్నాయంది. పైగా రెండు పక్షాలూ వేర్వేరు చోట్లను చూపించేవి. తెలుగు వాదం పట్నాన్ని చూపిస్తే, ఒడియా వాదం పట్నం చుట్టూ ఉన్న పల్లెలను చూపించేది. పట్నం సరుకు పల్లెల నుంచి వస్తుంది, పల్లెల దావాలు పట్నం కోర్టులో తేలతాయి. రెంటినీ విడదీసి గీత గీయడం ఎవరి తరం?

1924లో ఫిలిప్, డఫ్ అన్న ఇద్దరు అధికారులు మద్రాసు కింది ఒడియా ప్రాంతాలు తిరిగి, కలవాలన్న కోరిక అక్కడి జనంలో నిజంగానే ఉందన్నారు. 1931లో ఓడొనెల్ అధ్యక్షుడిగా హద్దుల కమిటీ వేశారు. 1933లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన శ్వేతపత్రంలో పర్లాకిమిడి ఒడిశాలో లేదు. పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి లండన్ దాకా వెళ్లి వాదించాక ఆ జమీందారీలో కొంత, పట్నంతో సహా, ఒడిశాకు చేరింది. 1936 ఏప్రిల్ 1న కొత్త ఒడిశా పుట్టింది. గంజాం రెండు ముక్కలైంది. బరంపురంతో సహా ఉత్తర భాగం ఒడిశాకు, ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళం వైపు భాగం విశాఖ జిల్లాకు వెళ్లాయి. 1950లో విశాఖ జిల్లాను విడదీసినప్పుడు ఆ ముక్క శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చింది. పర్లాకిమిడిలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు ఆ విలీనం నచ్చక రాజమండ్రి వెళ్లిపోయారు. బరంపురంలో మాత్రం జనం మూటాముల్లే సర్దుకోలేదు. మగ్గం గుంట తవ్వి ఉన్న ఇంటిని వదిలి ఎవడు పోతాడు? పెద్దబజారులో కొట్టు ఉన్నవాడైనా అంతే.

గీత గీసిన మర్నాటి నుంచి ఊళ్లో ఏం మారిందంటే, అప్పీళ్ల దారి మారింది. అంతవరకు ఇక్కడి కేసులు మద్రాసు హైకోర్టుకు వెళ్లేవి. 1936 నుంచి పట్నా హైకోర్టుకు వెళ్లాయి. 1948లో కటక్‌లో ఒడిశా హైకోర్టు వచ్చాక అక్కడికి. తెలుగు వకీళ్ల ప్రాభవం ఎలా తగ్గిందో అర్థం కావాలంటే రాజకీయాల కంటే ఈ రైలు టికెట్టు చూడటం మేలు. మద్రాసులో పరిచయాలు, మద్రాసు రూళ్లు, మద్రాసు సీనియర్లు ఒక్కసారిగా అక్కరకు రాకుండా పోయారు. గిరి దారి మాత్రం మద్రాసు వైపే వెళ్లింది. 1937 ఎన్నికల్లో ఆయన బొబ్బిలి రాజాను బొబ్బిలిలోనే ఓడించి రాజాజీ మంత్రివర్గంలో చేరారు. పుట్టిన ఊరు ఒడిశాలో, మంత్రి పదవి మద్రాసులో. ఖల్లికోట కాలేజీదీ ఇదే వరస. కదలకుండా ఒకచోటే ఉండి మద్రాసు, ఆంధ్ర, ఉత్కళ, 1967లో పుట్టిన బరంపురం విశ్వవిద్యాలయం, ఇలా నాలుగింటి కింద పరీక్షలు రాయించింది.

గీత ఆపలేనివి కూడా ఉన్నాయి. 1962లో మొదలైన ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీకి ఆ పర్లాకిమిడి మహారాజు పేరే పెట్టారు. దాని ఆసుపత్రి ఓపీ వరసలో ఇచ్ఛాపురం, సోంపేట మనుషులు తప్పకుండా కనబడతారు. విశాఖ కంటే ఇది దగ్గర. అప్పడాలు, ఊరగాయలు అటునుంచి ఇటు వస్తాయి, పెళ్లిసంబంధాలు రెండు వైపులా నడుస్తాయి. పోయింది మాత్రం తెలుగు అక్షరం. పాత పట్నంలో నలభై దాటినవాళ్లు తెలుగు పేపరు చదువుతారు. వాళ్ల పిల్లలు ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడతారు గానీ రాయమంటే ఒడియా లిపిలోనో ఫోనులో ఇంగ్లీషు అక్షరాల్లోనో రాస్తారు. బడిలో ఒడియా, ఇంగ్లీషు. ఉద్యోగానికి కావాల్సినవీ అవే. తల్లిదండ్రులు ఆ లెక్క చూసుకున్నారు. తప్పుపట్టడానికి ఏముంది? ప్రభుత్వం తెలుగు టీచర్లను వేయడం లేదన్న ఫిర్యాదు సరిహద్దు ఊళ్లలో గట్టిగానే ఉంది. అది న్యాయమైన ఫిర్యాదు. కానీ వేసినచోట పిల్లల్ని చేర్పించే ఇళ్లు ఎన్ని అన్నది కూడా అడగాలి.

పాత పట్నం చూడాలనుకుంటే కారు బయటే వదిలేయండి. పెద్దబజారు సందుల్లో రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. పొద్దున్నే బుఢీ ఠాకురాణి గుడి దగ్గర మొదలుపెట్టి దేశీబెహెరా వీధికి నడవండి. ఎండ ముదిరేలోపు రామలింగేశ్వర చెరువు గట్టు మీద కాసేపు కూర్చోవచ్చు. మగ్గం చూడాలనుంటే కొట్టువాణ్ణి కాదు, కొట్టుకు చీర వేసే నేతగాణ్ణి అడగాలి. తెలుగులో అడిగితే ఇంట్లోకి రమ్మనే అవకాశం ఎక్కువ. యాత్ర బేసి సంవత్సరాల్లో వస్తోంది, 2023లో, 2025లో జరిగింది. ఆ రోజుల్లో వెళ్తే హోటల్ గది ముందే మాట్లాడుకోండి, తెల్లచెప్పులు మాత్రం వేసుకోకండి. పసుపు మరక పోదు.